స్టాండర్డ్ హెరాల్డ్ వెనక చక్రాల స్టడ్లు: 3/8 ఉంచాలా, 7/16కి మార్చాలా?

బెజవాడ_హెరాల్డ్
అందరికీ నమస్కారం. మా ఇంట్లో స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ త్రీ ఉంది. మద్రాసులో తయారైన నాలుగు తలుపుల బండి, 948 సీసీ ఇంజిన్. నాన్నగారు కొన్నది. రంగు, తివాచీలు, వైరింగు అన్నీ పూర్తయ్యాయి. పోయిన వారం పంక్చరు షాపులో ఎడమ వెనక చక్రం ఎక్కించి ఎయిర్ గన్నుతో బిగిస్తుంటే ఒక స్టడ్డు (హబ్బు నుంచి బయటికి వచ్చి చక్రం నట్టును పట్టే మర కడ్డీ) టక్కున తెగిపోయింది. మిగిలిన మూడింటితో మెల్లగా ఇంటికి తెచ్చి స్టాండ్ల మీద నిలబెట్టాను.

ఎలాగూ విప్పాలి కాబట్టి వెనక ఇరుసుకు రెండు వైపులా లావుపాటి స్టడ్లు వేయించాలని ఉంది. ఇప్పుడున్నవి 3/8 అంగుళం, సన్న త్రెడ్డు యూఎన్ఎఫ్. 7/16 వేయించాలా, ఎం12కి (12 మిల్లీమీటర్ల స్టడ్డుకు) వెళ్లాలా? ముందు ముందు అల్లాయ్ చక్రాలు వేసే ఆలోచన కూడా ఉంది. అనుభవం ఉన్నవారు దారి చూపించండి.

అంబాసిడర్_అభిమాని
ఆలోచించడానికి ఏముంది సోదరా, ఎం12 వేయించండి. ఇన్నోవా స్టడ్డు 1.5 పిచ్, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.5 మిల్లీమీటర్లు. ఆటోనగర్‌లో ఏ షాపులో అడిగినా స్టడ్డు, నట్టు రెండూ చేతిలో పెడతారు. 3/8 యూఎన్ఎఫ్ నట్టు కోసం రాత్రిపూట సూర్యాపేట దగ్గర ఎవరిని అడుగుతారు? పాత బండిని రోడ్డు మీద తిప్పాలంటే దొరికే సామాను ఉండాలి.

లేతు_మాస్టారు
బాబూ, డ్రిల్లు చేతికి తీసుకునే ముందు రెండు సంగతులు చెప్పు. తెగిన ముక్క ఉందా, పారేశావా? ఉంటే దాని ముఖం ఎలా ఉందో పగటి వెలుతురులో చూసి రాయి. రెండోది, ఈ మధ్య ఆ చక్రానికి, డ్రమ్ముకు ఏ పని చేయించావు? స్టడ్డు ఊరికే తెగదు. సరైన బిగువుతో ఉన్న 3/8 స్టడ్డు ఆ బండి బరువుకు, ఆ ఇంజిన్‌కు చాలు. అది చాలకపోయి ఉంటే హెరాల్డ్‌లు మన ఊళ్లలో ఇన్నేళ్లు తిరిగేవి కావు.

బెజవాడ_హెరాల్డ్
మాస్టారూ, ముక్క దాచాను. హబ్బు ముఖానికి కాస్త పైన, త్రెడ్డు ఉన్న చోట తెగింది. ముఖంలో సగానికి పైగా నల్లగా, నున్నగా ఉంది. అందులో వంపు తిరిగిన సన్నని గీతలు కనిపిస్తున్నాయి. మిగిలిన భాగం బూడిద రంగులో గరుకుగా మెరుస్తోంది.

రెండో ప్రశ్నకు జవాబు: రిమ్ములకు ఏడాది కిందట పౌడర్ కోటింగ్ వేయించాను. నట్టు కూర్చునే చోట, డ్రమ్ముకు ఆనే చోట కూడా మందంగా పడింది. మొదట్లో నట్లు కొంచెం వదులైతే మళ్లీ బిగించాం.

వైజాగ్_లోహశాస్త్రం
జవాబు మీ వర్ణనలోనే ఉందండీ. ఇది బలం చాలక తెగిన స్టడ్డు కాదు, అలసిపోయి తెగినది. ఆ వంపు గీతలు అల వెనక్కి తగ్గినప్పుడు తీరం ఇసుకలో మిగిలే గీతల్లాంటివి. పగులు ఒక్కో విడతలో ఎంత దూరం పాకిందో చెబుతాయి. నల్లబడిన భాగం ఎన్నో నెలలుగా తెరుచుకుని గాలి, తేమ తగిలిన పగులు. గరుకుగా మెరిసే భాగం ఎయిర్ గన్ను దెబ్బకు చివర్లో తెగినది. ఆ షాపువాళ్లు ముట్టుకోకపోయినా ఇంకో వారానికో నెలకో రోడ్డు మీద తెగేది.

దీనికి మూలం పౌడర్ కోటింగ్ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. చక్రాన్ని మోసేది స్టడ్డు పక్కబలం కాదు. నట్టు బిగిస్తే స్టడ్డు రవ్వంత సాగుతుంది, ఆ సాగుడు చక్రాన్ని డ్రమ్ము మీదికి, డ్రమ్మును హబ్బు మీదికి అదుముతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. మధ్యలో మందపాటి ప్లాస్టిక్ పొర ఉంటే వేడికి, ఒత్తిడికి అది నలిగి పలచబడుతుంది. స్టడ్డు సాగుడే మిల్లీమీటరులో చిన్న వంతు, కాబట్టి పొర కాస్త పలచబడినా బిగువులో పెద్ద భాగం పోతుంది. అప్పటి నుంచి చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్డు అటూ ఇటూ వంగుతుంది. అలసట అక్కడ మొదలవుతుంది.

లెక్క కూడా చూడండి. 3/8 నట్టును పొడి త్రెడ్డు మీద 60 న్యూటన్ మీటర్లకు బిగిస్తే ఒక్కో స్టడ్డులో సుమారు 3.2 టన్నుల బిగువు వస్తుంది. ఆ స్టడ్డు తన్యత వైశాల్యం (లాగుడును మోసే అడ్డుకోత వైశాల్యం) 56.6 చదరపు మిల్లీమీటర్లు. అంటే లోహం మీద చదరపు మిల్లీమీటరుకు దాదాపు 556 న్యూటన్ల ఒత్తిడి. 8.8 గ్రేడు ఉక్కు 640 దగ్గర శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. మిగిలిన అవకాశం చాలా తక్కువ. అదే త్రెడ్డుకు నూనె రాసి అంతే టార్కుకు బిగిస్తే రాపిడి తగ్గి 640 దాటిపోవచ్చు. ఎయిర్ గన్ను సంగతి వేరే చెప్పాలా?

కోవెంట్రీ_తెలుగు
ఈ బండి పుట్టిన ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి నాలుగు మాటలు రాస్తాను. హెరాల్డ్ 1959లో ఇక్కడి కాన్లీ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. హెరాల్డ్, అదే కంపెనీ రెండు సీట్ల కారు స్పిట్‌ఫైర్ రెండింటికీ నాలుగు స్టడ్లే, పీసీడీ (స్టడ్ల కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం) 3.75 అంగుళాలు, అంటే 95.25 మిల్లీమీటర్లు. ఇక్కడ స్పిట్‌ఫైర్‌ను పందేలకు వాడేవారు, వెడల్పు టైర్లు వేసేవారు 7/16కు గానీ ఎం12కు గానీ మారుస్తారు. మామూలుగా ఆదివారం తిప్పుకునేవారు మంచి తయారీ 3/8 స్టడ్లు కొత్తవి వేసుకుని నిశ్చింతగా ఉంటారు.

వైజాగ్ మేడమ్ ఇచ్చిన కొలతకు తోడుగా: 7/16 యూఎన్ఎఫ్ వైశాల్యం 76.6 చదరపు మిల్లీమీటర్లు, ఎం12 1.5 పిచ్‌ది 88. మొదటిది 3/8 కంటే 35 శాతం ఎక్కువ, రెండోది 55 శాతం ఎక్కువ. లాభం నిజమే. అయితే స్టడ్డు లావైతే హబ్బులో రంధ్రం పెరుగుతుంది, దాని చుట్టూ మిగిలే లోహం తగ్గుతుంది. డ్రమ్ములో, రిమ్ములో కూడా రంధ్రాలు పెంచాలి.

ఇంకో మాట. వెనక మాత్రమే మారిస్తే ఒకే బండికి రెండు రకాల నట్లు అవుతాయి. స్టెప్నీ చక్రం ముందుకూ వెనక్కూ సరిపోవాలి కదా. దాని రంధ్రాలు 7/16కు పెంచితే ముందు 3/8 నట్టు శంకువు (కోసుగా ఉన్న కొస) కూర్చునే చోటు తగ్గిపోతుంది. మారిస్తే నాలుగు చక్రాలకూ మార్చండి, లేదా అసలు ముట్టుకోకండి.

అంబాసిడర్_అభిమాని
అన్నయ్యా, లెక్కలు బాగున్నాయి. కానీ 55 శాతం బలం ఉచితంగా వస్తుంటే వద్దనడం నాకు అర్థం కాలేదు. లావు స్టడ్డు అలసటకు కూడా తట్టుకోదా?

వైజాగ్_లోహశాస్త్రం
తట్టుకుంటుంది, మీరన్నది సరైనదే. అదే 3.2 టన్నుల బిగువుకు 7/16లో ఒత్తిడి 411కు దిగుతుంది, ఎం12లో 360కి లోపే. కానీ ఆ బిగువు రావాలంటే టార్కు కూడా పెంచాలి. 7/16కు సుమారు 70, ఎం12కు 75 న్యూటన్ మీటర్లు. పాత పుస్తకంలో ఉన్న అంకెకే బిగిస్తే లావు స్టడ్డులో బిగువు తగ్గుతుంది, చక్రం మీద పట్టు సడలుతుంది. అంటే డబ్బు పెట్టి పట్టు తగ్గించుకున్నట్టు. పౌడర్ పొర అలాగే ఉంచి ఎం12 వేసినా కథ మళ్లీ అక్కడికే వస్తుంది.

లేతు_మాస్టారు
ఇన్నోవా స్టడ్డు గురించి నా మాట కూడా వినండి. స్టడ్డు తలకింద పళ్లలాంటి గాడీలు ఉంటాయి, అవి రంధ్రం గోడలోకి కోసుకుని కూర్చుంటాయి. హబ్బు రంధ్రం ఆ గాడీల బయటి కొలత కంటే ఒక్క పిసరు చిన్నదిగా ఉండాలి. వదులైతే నట్టు విప్పేటప్పుడు స్టడ్డు తిరిగిపోతుంది, చక్రం బండికే ఉండిపోతుంది. మరీ బిగుతైతే హబ్బు పగులుతుంది. వేరే బండి స్టడ్డు తెచ్చి చేతి డ్రిల్లుతో రంధ్రం పెంచితే అది గుండ్రంగా రాదు, కేంద్రం నుంచి జరుగుతుంది, చక్రం ఊగుతుంది. నా షాపులో అయితే హబ్బును మిల్లింగ్ మెషీన్ మీద కట్టి, పాత రంధ్రాన్ని డయల్ గేజితో కేంద్రంలోకి తెచ్చి, కొంత బోరు చేసి చివరి కొలతకు రీమర్ వాడతాను. ముందు స్టడ్డు చేతిలో ఉండాలి. దాన్ని వెర్నియర్‌తో కొలిచాకే రంధ్రం కొలత తేల్చేది.

లేతు మీద స్టడ్లు చేసిస్తామని చాలామంది అంటారు. నేను టర్నర్‌నే, అయినా వద్దంటాను. ఈఎన్24 రకం గట్టి ఉక్కు తెచ్చి చక్కగా కోసినా, కోసిన త్రెడ్డు కోసిన త్రెడ్డే. ఫ్యాక్టరీలో ఒత్తి చేసే రోలింగ్ త్రెడ్డు అడుగున లోహం దట్టపడి అలసటను ఎక్కువ తట్టుకుంటుంది. చక్రం స్టడ్డు దగ్గర ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది.

గెజల్_యజమాని
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మాది స్టాండర్డ్ గెజల్. ఈ చర్చ అంతా మా బండికీ వర్తిస్తుందా?

కోవెంట్రీ_తెలుగు
స్టడ్డు లెక్కలు, పౌడర్ పొర సంగతి ఏ బండికైనా ఒకటే. ఇరుసు మాత్రం వేరండీ. హెరాల్డ్ వెనక ఒక్కో చక్రం విడివిడిగా ఊగే స్వింగ్ యాక్సిల్. అది మన దేశంలో యజమానులకు, మెకానిక్‌లకు అంతగా నచ్చకపోవడంతో 1972లో గెజల్‌కు మద్రాసువారు ఒకే ముక్క గట్టి ఇరుసు పెట్టారు. కాబట్టి కింద హబ్బు తీసే పద్ధతి గురించి ఏం రాసినా హెరాల్డ్‌కే అనుకోండి. మీరు విప్పినప్పుడు ఫొటోలు పెట్టండి, ఆ ఇరుసు ఇక్కడివారికి అపురూపం.

బెజవాడ_హెరాల్డ్
అందరికీ కృతజ్ఞతలు. నా మనసు 3/8 వైపు మొగ్గుతోంది. అల్లాయ్ చక్రాల విషయం ఒక్కటి తేల్చండి. నేను చూసిన సెట్టు మధ్య భాగం స్టీలు రిమ్ము కంటే బాగా మందం. అరువు తెచ్చి పెట్టి చూస్తే నట్టు నాలుగు చుట్లకు మించి పట్టడం లేదు. పొడవు స్టడ్లు చాలా? మరో సందేహం: నట్లతో పాటు స్టడ్ల చివరలకు కూడా క్రోమ్ పూత వేయిస్తే బాగుంటుందా?

వైజాగ్_లోహశాస్త్రం
క్రోమ్ పూత స్టడ్లకు ఎంతమాత్రం వద్దు. పూత తొట్టెలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడుతుంది. 10.9, ఆపై గ్రేడు స్టడ్డు అలా పెళుసై, ఎవరూ తాకకుండానే రాత్రికి రాత్రి తెగుతుంది. పూత వేసిన వెంటనే కొలిమిలో గంటల తరబడి వేడి చేసి ఆ వాయువును వెళ్లగొట్టాలి. ఊళ్లో పూత వేసే దుకాణాలు ఆ పని చేస్తాయని నమ్మి చక్రాన్ని అప్పగించలేం. కావాలంటే నట్ల మీద తొడిగే మెరుపు మూతలు పెట్టుకోండి.

కోవెంట్రీ_తెలుగు
నాలుగు చుట్లు చాలవు. నట్టు లోపల పట్టే త్రెడ్డు పొడవు కనీసం స్టడ్డు వ్యాసమంత ఉండాలి. 3/8 యూఎన్ఎఫ్‌కు అంగుళానికి 24 చుట్లు, అంటే తొమ్మిది చుట్లు నిండుగా పట్టాలి. పొడవైన 3/8 స్టడ్లు ఇక్కడ దొరుకుతాయి. కానీ అల్లాయ్, వెడల్పు టైరు, పొడవు స్టడ్డు మూడూ కలిస్తే నేను 7/16 వైపే ఉంటాను, నాలుగు చక్రాలకూ. స్టీలు రిమ్మే ఉంచితే కొత్త 3/8 చాలు. మీ రెండు ప్రశ్నలకు రెండు వేర్వేరు జవాబులు ఉన్నాయి కాబట్టి ముందు చక్రం సంగతి తేల్చుకోండి.

నట్టు ఆకారం కూడా చూడాలి. స్టీలు రిమ్ముకు 60 డిగ్రీల శంకువు. హోండా నట్లు గుండ్రటి అంచువి, టొయోటా అల్లాయ్ నట్లు గొట్టం, వాషరు ఉన్నవి. త్రెడ్డు పిచ్ ఒకటే కదా అని వాటిని శంకువు రంధ్రంలో బిగిస్తే సన్నని అంచు మీదే ఆనుతాయి. కొన్నాళ్లకు వదులవుతాయి.

బెజవాడ_హెరాల్డ్
నిర్ణయం అయిపోయింది. స్టీలు రిమ్ములే ఉంటాయి. నాన్నగారు నడిపినప్పుడు ఉన్నట్టే ఉండాలని అమ్మ కూడా అంది. నాలుగు చక్రాలకూ కొత్త 3/8 స్టడ్లు, కొత్త నట్లు. రిమ్ములకు ఆనే ముఖం, శంకువు చోటు పౌడర్ పొర తీయించి పలచటి ప్రైమర్ మాత్రం వేయిస్తాను. ఇక వెనక హబ్బు ఎలా తీయాలి? ఒక కుర్రాడు సుత్తితో రెండు దెబ్బలు వేస్తే వస్తుందంటున్నాడు.

లేతు_మాస్టారు
సుత్తి దూరంగా పెట్టమను. హెరాల్డ్ వెనక హబ్బు షాఫ్టు చివర సన్నబడే భాగం (టేపర్) మీద, తిరిగిపోకుండా ఆపే చిన్న ఉక్కు ముక్కతో (కీతో) కూర్చుంటుంది. యాభై ఏళ్లుగా కూర్చున్నది. షాఫ్టు చివర కొడితే త్రెడ్డు చితుకుతుంది, బేరింగు చెడుతుంది, హబ్బు మాత్రం కదలదు. మామూలు మూడు కాళ్ల పుల్లర్ పెడితే హబ్బు అంచు వంగుతుంది. అది వంగిందా, డ్రమ్ము ఊగుతుంది, బ్రేకు పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది.

సరైన పుల్లర్ మందపాటి బిళ్లలా ఉండి నాలుగు స్టడ్లకూ బిగుసుకుంటుంది, మధ్య మర షాఫ్టు చివరను నెడుతుంది. అందుకే పాత స్టడ్లను ముందే తీయకు. నీకు ఒకటి తెగి ఉంది కాబట్టి ఆ మొదలును వెనక్కి నెట్టి, వెనక చోటు దొరికితే ఆ రంధ్రంలో పొట్టి హైటెన్సిల్ బోల్టు పెట్టు. మూడింటి మీద లాగితే అంచు ఒక పక్కకు వంగుతుంది.

కోవెంట్రీ_తెలుగు
మాస్టారు చెప్పినదానికి ఒక్క చేర్పు. షాఫ్టు నట్టును పూర్తిగా తీయకండి, రెండు చుట్లు వదులు చేసి వదిలేయండి. టేపర్ విడిపోయే క్షణంలో తుపాకీ పేలినంత చప్పుడు వస్తుంది, హబ్బు, పుల్లర్ కలిసి ఎగురుతాయి. ఆ నట్టే వాటిని ఆపుతుంది. ఎదురుగా మనిషి నిలబడకూడదు. పుల్లర్ బిగించి రాత్రంతా వదిలేస్తే చాలాసార్లు ఉదయానికి దానంతట అదే వదులుతుంది.

బండి కింద అంత చోటు లేకపోతే, డిఫరెన్షియల్ దగ్గర ఉన్న నాలుగు బోల్టులు విప్పి, బయటి వైపు బిగింపులు కూడా విడదీసి షాఫ్టు, హబ్బు కలిపి బయటికి తెచ్చి మాస్టారి హైడ్రాలిక్ ప్రెస్సు మీద పెట్టడం ఇంకా మంచిది.

హబ్బు వచ్చాక షాఫ్టు టేపర్‌ను, ముఖ్యంగా కీ గాడి మూలలను, చూడకుండా తిరిగి బిగించకండి. ఈ షాఫ్టులు విరిగితే ఆ గాడి దగ్గరే విరుగుతాయి. అక్కడ విరిగితే చక్రం, హబ్బు, డ్రమ్ము మొత్తం ఊడి వెళ్లిపోతాయి. నాలుగు స్టడ్లూ ఎంత లావైనా అప్పుడు ఏమీ చేయలేవు.

బెజవాడ_హెరాల్డ్
షాఫ్టులు రెండూ బయటికి తీసి మాస్టారి షాపుకే తెచ్చాం. కుడి హబ్బు ప్రెస్సు మీద తేలిగ్గానే వచ్చింది. ఎడమది టేపర్ చుట్టూ కొంచెం వేడి చేశాక వదిలింది. మాస్టారు టేపర్లను శుభ్రం చేసి పగుళ్లలోకి చొరబడే ఎర్ర పెనిట్రెంట్ కొట్టి, పది నిమిషాలు ఆగి తుడిచి, ఆ ఎరుపును పైకి లాగే తెల్ల డెవలపర్ చల్లారు. కుడి షాఫ్టు తెల్లగానే ఉండిపోయింది. ఎడమ షాఫ్టు కీ గాడి లోపలి మూల నుంచి టేపర్ మీదికి వెంట్రుకంత ఎర్ర గీత మెల్లగా పైకి తేలింది. వేలితో తడిమితే ఏమీ తెలియదు. మేమంతా చూస్తుండగానే ఆ గీత ఇంకా పొడవుగా తేలింది.

తెగిన స్టడ్డు వైపే ఈ పగులు కూడా.

వైజాగ్_లోహశాస్త్రం
దాన్ని వెల్డింగ్ చేయించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ షాఫ్టు వేడితో గట్టిపరిచిన ఉక్కు. వెల్డు పక్కనే పెళుసు పొర ఏర్పడి ఇంకా త్వరగా విరుగుతుంది. రెండు ముక్కలుగా కోసి పారేయండి, మళ్లీ ఎవరూ బండికి ఎక్కించకుండా. ఒకే వైపు స్టడ్డు, షాఫ్టు రెండూ అలసిపోయాయంటే ఆ వైపు షాఫ్టు నట్టు కూడా ఎప్పుడో వదులుగా ఉండి ఉండవచ్చు. కీ, గాడి అంచులు నలిగాయా చూడండి.

లేతు_మాస్టారు
నలిగాయమ్మా. కీ ఒక పక్క మెట్టులా అరిగింది, హబ్బు లోపలి టేపర్‌లో కూడా గోధుమ రంగు తుప్పు పొడి ఉంది. షాఫ్టు నట్టు చాలాకాలం వదులుగా తిరిగినదే. ఎడమ హబ్బు కూడా మారిస్తేనే నాకు నిద్ర పడుతుంది.

అంబాసిడర్_అభిమాని
ఈ పగులు సంగతి చదివాక ఎం12 మాట వెనక్కి తీసుకోవడమే కాదు, నా బండి వెనక హబ్బులు కూడా ఈ ఆదివారం విప్పుతున్నాను. మాస్టారూ, ఆ ఎరుపు, తెలుపు డబ్బాలు ఎక్కడ దొరుకుతాయి?

లేతు_మాస్టారు
వెల్డింగ్ సామాను అమ్మే పెద్ద దుకాణంలో అడుగు, డై పెనిట్రెంట్ అంటే ఇస్తారు. క్లీనర్, పెనిట్రెంట్, డెవలపర్ మూడు డబ్బాలూ ఒకే కంపెనీవి తీసుకో. గ్రీజు పూర్తిగా పోకుండా కొడితే పగులు కనపడదు.

కోవెంట్రీ_తెలుగు
బెజవాడ గారూ, ఎడమ వైపుకు షాఫ్టు, హబ్బు, కీ, రెండు వైపులకూ కొత్త షాఫ్టు నట్లు, పదహారు స్టడ్లు, నట్లు ఆర్డరు పెట్టాను. వచ్చే నెల మా తమ్ముడు గన్నవరంలో దిగుతున్నాడు, అతని సామానులో వస్తాయి. కుడి షాఫ్టు బాగున్నా వయసు ఒకటే కాబట్టి దానికీ ఒకటి తెప్పించుకుంటే మంచిది, చెప్పండి.

బెజవాడ_హెరాల్డ్
అన్నయ్యా, కుడిది కూడా పెట్టండి, డబ్బు ఈ రోజే పంపుతాను. మాస్టారూ, సామాను వచ్చాక కొత్త హబ్బును కొత్త టేపర్ మీద అలాగే బిగించవచ్చా, ముందు ఏమైనా చూడాలా?

లేతు_మాస్టారు
కీ లేకుండా ముందు టేపర్‌కు పలచగా ప్రష్యన్ బ్లూ (ఆనే చోటు చూపే నీలం రంగు) రాసి హబ్బు నొక్కి తీసి చూద్దాం. నీలం చుట్టూ సమంగా అంటుకోవాలి. వెడల్పు వైపు ఒక్కటే అంటితే సన్నని లాపింగ్ పేస్టుతో రుద్ది కూర్చోబెట్టాలి. టేపర్ పొడిగా ఉండాలి, గ్రీజు వద్దు. స్టడ్లు ప్రెస్సు మీదే ఎక్కిద్దాం, తల హబ్బుకు పూర్తిగా ఆనాలి. చక్రం నట్లు ఎదురెదురుగా, పొడి త్రెడ్డు మీద, టార్కు పానాతో 60కి. ఎనభై కిలోమీటర్లు తిరిగాక బండి తీసుకురా, నట్లన్నీ మళ్లీ చూద్దాం. షాఫ్టు నట్టు కూడా.